ఇల్లు చవకే, దారి ఖరీదు

ప్రశ్న: మేము నాలుగేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా వారు డాక్టరు, జే-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో శిక్షణ) పూర్తి చేస్తున్నారు. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాపకు వచ్చే ఏప్రిల్‌లో నాలుగేళ్లు నిండుతాయి. మా వారికి వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రయర్ కౌంటీలో వీసా మినహాయింపుతో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ రెండు పడకగదుల అపార్ట్‌మెంటుకు నెలకు 2,900 డాలర్లు, పాప డేకేర్‌కు 1,700 కడుతున్నాం. అక్కడ రెండున్నర లక్షలకే రెండెకరాల నేలతో ఇల్లు కనిపిస్తోంది. మా వారు తెనాలి దగ్గర పల్లెలో పెరిగారు. ‘మన ఊరి బతుకు మళ్లీ దొరికినట్టే’ అని సంబరపడుతున్నారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆ రాష్ట్రంలో 12 వేల డాలర్లు ఇస్తారని కూడా చదివాం. నాకు మాత్రం ఎందుకో గుబులుగా ఉంది. ఖర్చు నిజంగా అంత తక్కువా? ఇల్లు వెంటనే కొనాలా? మా అత్తమామలు వచ్చినప్పుడల్లా నాలుగైదు నెలలు ఉంటారు. వాళ్లకు అక్కడ ఎలా ఉంటుంది? 
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘మన ఊరి బతుకు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. 2004లో మా వారు కూడా అచ్చంగా ఇదే మాట అన్నారు, ఇదే కౌంటీ గురించి. ఆయన కూడా డాక్టరే. ఆ మాట నమ్ముకుని వెళ్లి పద్నాలుగేళ్లు ఉన్నాను. కాబట్టి నా జవాబులో లెక్కలతో పాటు సొంత గోడు కూడా కొంత దొర్లుతుంది, ఓర్చుకోండి.

ముందు ఆ మాట సంగతే తేలుద్దాం. తెనాలి పక్క పల్లెలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఒక చోట ఉంటాయి, పొలాలు ఊరి బయట ఉంటాయి. అమెరికా పల్లెలో ఎవరి పొలం మధ్య వాళ్ల ఇల్లు. ఊరు అనే ముద్దే ఉండదు. పొద్దున్నే మీ వాకిటి ముందు నుంచి పాలవాడు వెళ్లడు, కూరగాయల బండి రాదు, ‘ఏమ్మా, వంటయిందా’ అని పలకరించేవాళ్లు ఉండరు. రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి కనిపిస్తే కారు ఆపి, బండి చెడిపోయిందా అని అడుగుతారు. గ్రీన్‌బ్రయర్ కౌంటీ విస్తీర్ణం వెయ్యి చదరపు మైళ్ల పైమాటే, అంటే మన హైదరాబాద్ జిల్లా లాంటివి పన్నెండు పడతాయి. 2020 జనగణన ప్రకారం అంత నేల మీదా ఉన్నది 33 వేల మంది. మీ వారు తలచుకుంటున్న ఊరు నిజానికి మీ ఎడిసన్‌లో మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డుకే ఎక్కువ దగ్గర.

ఇప్పుడు ఖర్చు. చవకన్నది అబద్ధం కాదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి 10 వేల డాలర్లు దాటింది. వెస్ట్ వర్జీనియాలో ఇంటి ధరలో 60 శాతం మీదే పన్ను వేస్తారు, అందులోనూ సొంతదారు కాపురం ఉంటే తక్కువ రేటు. రెండు లక్షల ఇంటికి వెయ్యికీ పదిహేను వందలకూ మధ్య వస్తుంది. వండుకునే సరుకుల మీద రాష్ట్రం 2013లోనే అమ్మకం పన్ను ఎత్తేసింది. కార్ల మీద మాత్రం ఏటా కౌంటీకి పన్ను కట్టాలి. దాన్ని గడువులోగా కడితే రాష్ట్ర ఆదాయపు పన్నులో వెనక్కి ఇస్తున్నారు. గడువు దాటితే ఆ డబ్బు పోయినట్టే, గుర్తుంచుకోండి.

మీకు అన్నిటికంటే పెద్ద ఆదా ఇల్లు కాదు, పాప. ఆ రాష్ట్రంలో నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ ప్రభుత్వ బడిలోనే ఉచితంగా ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) ఉంది. జూలై 1 లోపు నాలుగు నిండాలి. మీ పాపకు ఏప్రిల్‌లో నిండుతాయి కనుక ఆ ఏడాదే చేరవచ్చు. నెలకు 1,700 మిగిలినట్టే. అయితే చాలా చోట్ల ఈ తరగతులు వారానికి నాలుగు రోజులే. అయిదో రోజూ, బడి వదిలాక సాయంత్రమూ ఎవరు చూస్తారు? డేకేర్లు చవకే కానీ అసలు ఉండేవే తక్కువ, ఉన్నవాటిలో ఖాళీ దొరకదు. మేము మా చిన్నవాడి పేరు రాయించి ఏడు నెలలు ఎదురుచూశాం. ఉద్యోగం ఖరారైన రోజే ఆ జాబితాల్లో పేరు రాయించండి, ఇల్లు చూసుకోవడం తరువాత.

ఆదా అయిన డబ్బు ఎటు పోతుందో చెబుతాను. దారికి పోతుంది. ఒక్క కారుతో అక్కడ సంసారం సాగదు. దగ్గరి పెద్ద ఊళ్లు రెండే: రోనోక్ గంటన్నర పైన, చార్ల్‌స్టన్ 110 మైళ్లు. కందిపప్పు, గోంగూర, మినప్పప్పు కావాలంటే ఈ రెండిట్లో ఏదో ఒకటి. కారు నడపడానికయ్యే మొత్తం ఖర్చును అమెరికా పన్నుల శాఖ 2025 లెక్కల్లో మైలుకు 70 సెంట్లుగా కట్టింది. ఆ లెక్కన చార్ల్‌స్టన్ వెళ్లి రావడానికి 154 డాలర్లు. గోంగూర కట్ట ధర అంతన్నమాట! మేము రెండు నెలలకోసారి వెళ్లి సరుకంతా డీప్ ఫ్రీజర్‌లో కుక్కేవాళ్లం. కంటి డాక్టరు, పళ్ల డాక్టరు, పిల్లల అలర్జీ డాక్టరు, పాస్‌పోర్టు ఫొటో, అత్తమామలు దిగే డల్లెస్ విమానాశ్రయం (నాలుగు గంటలు), పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి (నాలుగు గంటల పైన), ఇలా ప్రతి పనికీ ఒక దూరం ఉంటుంది. మీరు ఇప్పుడు నెలలో చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన మైళ్లు వేసి చూడండి. అద్దెల తేడా చూసి ఎంత మురిశారో అందులో సగమైనా ఈ కాగితం తినేస్తుంది. దానికి తోడు జింకలు. జంతువులను కార్లు గుద్దే ప్రమాదం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో వెస్ట్ వర్జీనియా ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉంటోంది. అక్టోబరు, నవంబరుల్లో చీకటి పడ్డాక నడిపితే కళ్లు రోడ్డు మీద కాదు, రోడ్డు అంచుల మీద పెట్టాలి. బీమా తీసుకునేటప్పుడు జంతువుల వల్ల జరిగే నష్టానికి కూడా వర్తించేలా తీసుకోండి.

ఆ 12 వేల డాలర్ల మీద ఆశ పెట్టుకోకండి. ఆ పథకం ఉన్నమాట నిజమే, గ్రీన్‌బ్రయర్ లోయ కూడా అందులో ఉంది. కానీ అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. మీకు రాదు.

మీ వీసా సంగతి దానికంటే ముఖ్యం. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు కనుక గట్టిగా చెబుతున్నాను. ఇంటి నుంచి పనిచేసే హెచ్-1బి ఉద్యోగికి ఇల్లే పనిచేసే చోటు. ఎడిసన్ పరిసరాలు దాటి ఇల్లు మారాలంటే, మారకముందే మీ కంపెనీ సవరించిన దరఖాస్తు వేయాలి. 2015 నుంచి ఈ నియమం స్పష్టంగా ఉంది. పైగా కంపెనీకి వెస్ట్ వర్జీనియాలో జీతం చెల్లించే ఏర్పాటు ఉండాలి. కొన్ని కంపెనీలు ఒక్క ఉద్యోగి కోసం ఆ తతంగం పెట్టుకోవు. మీ వారి ఒప్పందం మీద సంతకం పడేలోపు మీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. లేకపోతే ఒక జీతం పెరిగిన సంతోషంలో రెండో జీతం పోతుంది.

మీ వారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. జే-1 డాక్టరు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు నుంచి ఈ మినహాయింపు. 1994లో మొదలైన కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది దాకా దీనికి సిఫార్సు చేయవచ్చు. బదులుగా వైద్యులు కొరతగా ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. తగిన కారణం లేకుండా మధ్యలో మానేస్తే ఆ రెండేళ్ల షరతు మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. అంటే నచ్చకపోతే ఆరు నెలల్లో వచ్చేస్తాం అనుకునే వీలు లేదు. ఇంకో మాట చూడండి: ఏ కొరత మీ వారిని అక్కడికి రప్పిస్తోందో, ఆ కొరతలోనే మీరు కాపురం ఉండాలి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే కాన్పు ఎక్కడ అవుతుందో ముందే కనుక్కోండి. అమెరికా గ్రామీణ ఆసుపత్రుల్లో సగానికి పైగా చోట్ల కాన్పులు చేయడం లేదు.

ఇక మీ గుబులు. మీరు ఎందుకో అన్నారు గానీ నాకు కారణం తెలుసనిపిస్తోంది. మీరిద్దరూ వెళ్లేది ఒకే కౌంటీకి కాదు. మీ వారి కౌంటీలో మొదటి వారానికే అందరికీ ఆయన పేరు తెలుస్తుంది. కొట్లో టమాటాలు ఏరుకుంటుంటే వచ్చి మోకాలు చూపిస్తారు, క్రిస్మస్‌కు ఇంట్లో చేసిన ఆపిల్ బటర్ సీసా ఇస్తారు. ఆ కొండల్లో డాక్టరంటే రావు, రెడ్డి, పటేల్ పేర్లు 1970ల నుంచీ అలవాటే. మనవాళ్లు అక్కడ కొత్త కాదు. ఆ గౌరవం నిజమైనది, ఎడిసన్‌లో ఎన్నాళ్లున్నా దొరకనిది. మీ కౌంటీ వేరు. అందులో పొద్దున ఎనిమిదింటికి కారు వెళ్లిపోతుంది, ఆ తరువాత కిటికీలో కొండ, తెర మీద మీటింగు, మళ్లీ కిటికీలో కొండ. నాకు వీసా వల్ల ఉద్యోగం కూడా లేదు. రెండేళ్లు ఆ కొండనే చూశాను. అది అందమైన కొండ. ఇప్పటికీ దాని మీద కోపమే.

మొదటి పలకరింపులోనే ‘మీరు ఏ చర్చికి వెళ్తారు’ అని అడుగుతారు. తప్పుగా తీసుకోకండి. మీది ఏ ఊరు అని మనం అడిగినట్టే అది. చర్చి, శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్, అగ్నిమాపక దళం వాళ్ల విందులు, ఆగస్టులో ఫెయిర్‌లీ దగ్గర జరిగే రాష్ట్ర సంత, వాళ్ల రచ్చబండలు ఇవే. ‘మేము హిందువులం, ఇంట్లోనే పూజ చేసుకుంటాం’ అని నవ్వుతూ చెబితే చాలామంది అక్కడితో వదిలేస్తారు, కొందరు రెండోసారి కూడా పిలుస్తారు. నూటికి తొంభై మందికి పైగా తెల్లవాళ్లే. తరగతిలో మీ పాప ఒక్కతే గోధుమరంగు పిల్ల కావచ్చు. దీన్ని చిన్న విషయమని నేను అనను. మా పెద్దవాడు మూడో తరగతిలో పులిహోర డబ్బా మూత తీయకుండా ఇంటికి తెచ్చేవాడు, నాకు తెలిసేసరికి సగం ఏడాది గడిచింది.

అలాగని మనుషులు చెడ్డవాళ్లనుకునేరు. 2012 జూన్ 29 రాత్రి పెద్ద గాలివాన వచ్చింది, డెరెచో అంటారు. ఆకాశం పచ్చగా మారి, పది నిమిషాల్లో చెట్లన్నీ ఒకే వైపుకు పడుకున్నాయి. మాకు తొమ్మిది రోజులు కరెంటు లేదు. మాది బావి నీళ్ల ఇల్లు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే కుళాయి లేదు, మరుగుదొడ్డిలో నీళ్లు కూడా లేవు. అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. మర్నాడు పొద్దున ముప్పావు మైలు దూరంలో ఉండే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి మోటారు రంపంతో వచ్చాడు. మా దారికి అడ్డంగా పడ్డ ఓక్ చెట్టును కోసి పక్కకు దొర్లించాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి, పికప్ ట్రక్కు వెనక ఉన్న జనరేటరు నుంచి తీగ లాగి మా ఫ్రీజర్‌కూ మోటారుకూ తగిలించాడు. ఇంటికి రెండు గంటల చొప్పున వంతు పెట్టుకుని ఆ రోడ్డు మీదున్న ఆరు ఇళ్లకూ తిప్పాడు, తొమ్మిది రోజులూ. అత్తగారు గ్యాస్ పొయ్యి మీద పులిహోర కలిపి కాగితపు పళ్లెంలో పెట్టిస్తే, ఆవాలన్నీ ఓపికగా ఏరి అంచున పెట్టి మిగతాది తిన్నాడు. అంతకుముందు ఎనిమిదేళ్లలో ఆయన మా గడప తొక్కలేదు. తరువాత కూడా ఒకటి రెండు సార్లే. అక్కడివాళ్లు ఆపదకు వస్తారు, కబుర్లకు రారు. మనకేమో రెండూ కావాలి.

ఇల్లు కొనడం గురించి: ఇప్పుడే వద్దు. మూడేళ్లు కట్టుబడి ఉండాలి కనుక కొంటేనే లాభం అనిపిస్తుంది. కానీ 2010కీ 2020కీ మధ్య దేశంలో జనాభా శాతం అన్నిటికంటే ఎక్కువగా తగ్గిన రాష్ట్రం అది. కొనడం తేలిక, అమ్మడం వేరే కథ. మేము వచ్చేసేటప్పుడు మా ఇల్లు పదకొండు నెలలు బేరానికి ఉంది. పైగా కౌంటీ అంతా ఒక్కటి కాదు. తూర్పున లూయిస్‌బర్గ్ నాలుగు వేలలోపు జనం ఉన్న ఊరే అయినా అక్కడ ఒక వైద్య కళాశాల, కాలినడకన తిరగదగ్గ వీధులు, సంగీత కచేరీలు ఉన్నాయి. దాని పక్కనే వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్‌లో గ్రీన్‌బ్రయర్ అనే పాత విలాస హోటలు. అణుయుద్ధం వస్తే అమెరికా కాంగ్రెస్ సభ్యులు దాక్కోవడానికి దాని కింద కట్టిన రహస్య బంకరు 1992 దాకా బయటపడలేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ అదే చూపించేవాళ్లం, పదో సారికి గైడు మాటలు నాకే కంఠతా వచ్చాయి. పడమటి కొసన రెయినెల్, ఒకప్పుడు పెద్ద కలప మిల్లుతో వెలిగి చితికిపోయిన ఊరు. ఇళ్ల ధరలు అక్కడ మరీ తక్కువ, ఎందుకు తక్కువో ఒకసారి వెళ్తే తెలుస్తుంది. 2016 జూన్ వరదల్లో రాష్ట్రంలో 23 మంది పోతే అందులో ఎక్కువమంది ఈ కౌంటీవాళ్లే. రెయినెల్, వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్ రెండూ మునిగాయి. ఏటి ఒడ్డున అందంగా కనిపించే ప్రతి ఇంటికీ ముందు వరద పటం చూడండి. మామూలు ఇంటి బీమా వరద నష్టం ఇవ్వదు. కౌంటీలో చాలా చోట్ల నేల సున్నపురాయి కావడంతో కింద గుహలు, పైన గుంతలు ఉంటాయి. పైన పడ్డ మురికి తిన్నగా బావిలోకి దిగుతుంది. అందుకే నీటి పరీక్ష కాగితం చూడకుండా బావి ఉన్న ఇల్లు అద్దెకు కూడా తీసుకోకండి.

ఈ చవక అక్కడ పుట్టినవాళ్లకు చవక కాదన్న సంగతి కూడా తెలిసి వెళ్లండి. కొట్లో డబ్బు తీసుకునే అమ్మాయికి రెండున్నర లక్షల ఇల్లు అందని మాట. బయటి జీతాలతో వచ్చేవాళ్ల వల్లే ధరలు పెరిగాయని గొణుక్కునేవాళ్లు ఉంటారు. వాళ్ల ముందు ‘ఇక్కడ అన్నీ ఎంత చవకో’ అని పొరపాటున కూడా అనకండి. నేను ఒకసారి అన్నాను.

మీ అత్తమామలకు ఊళ్లో ఇల్లయితే బాగుంటుంది, రెండెకరాల ఇల్లయితే జైలు. మామగారికి నడక అలవాటుంటే గ్రీన్‌బ్రయర్ నది పక్కనే పాత రైలు దారిని కాలిబాటగా మార్చారు, 78 మైళ్లు, ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ వారమంతా జింకల వేట, ఆ రోజుల్లో అడవి వైపు వెళ్తే ముదురు నారింజ రంగు చొక్కా వేసుకోవడం మరవద్దు. వాళ్లకు ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అంబులెన్స్‌లో మరో ఊరి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. గుండెనొప్పి లాంటిది వస్తే చిన్న ఆసుపత్రి నుంచి హెలికాప్టరులో పెద్ద ఆసుపత్రికి పంపడం మామూలే, ఆ బిల్లు వేల డాలర్లలో ఉంటుంది.

నన్నడిగితే వెళ్లండి. ఆ మూడేళ్లు మీ వారికి తప్పవు కూడా. కానీ లూయిస్‌బర్గ్ ఊళ్లోనే, ఫుట్‌పాత్ ఉన్న వీధిలో, ఊరి నీళ్ల కుళాయి ఉన్న ఇల్లు ఒక ఏడాదికి అద్దెకు తీసుకోండి. అద్దె ఇళ్లు తక్కువ కనుక ఆసుపత్రివాళ్లనే వెతికిపెట్టమనండి, డాక్టరు కోసం ఆ పని చేస్తారు. మీకంటూ వారానికి ఒక రోజు ఇంటి బయట పని ఉండాలి. నన్ను గట్టెక్కించింది కౌంటీ గ్రంథాలయం. మంగళ, గురువారాల్లో పుస్తకాలు సర్దే పని, జీతం లేదు, పలకరింపులే. మూడో ఏడాది నుంచి నా బతుకు బాగుపడింది.

ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని అక్టోబరులో రమ్మంటారు, కొండలన్నీ ఎర్రగా పసుపుగా మండిపోతుంటాయి కనుక. మీరు ఫిబ్రవరిలో వెళ్లండి. వారం మధ్యలో రెండు రోజులు ఉండండి. మీరు చూసిన ఇంట్లో కూర్చుని మీ ఆఫీసు పని ఒక పూట చేసి చూడండి. పక్కనే పోకహాంటస్ కౌంటీలో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు ఉంది. దాని కోసం 1958లోనే 13 వేల చదరపు మైళ్లలో రేడియో తరంగాల మీద ఆంక్షలు పెట్టారు. ఉత్తరం వైపు వెళ్లేకొద్దీ ఫోన్లో గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. సాయంత్రం అయిదున్నరకు, చీకటి పడే వేళ, మీ వారిని హోటల్లో వదిలి పాపతో ఒక్కరే కారులో బయటికి వెళ్లండి. పాలు, బ్రెడ్డు, పాప జ్వరం మందు కొనుక్కుని రండి. ఎన్ని మైళ్లు అయిందో, దారిలో ఏమనిపించిందో నాకు రాయండి. ఇల్లు కొనే సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.